హాఫ్ డోమ్ శిఖరం: కేబుల్స్ గురించి, అంతకన్నా ముందు వేళ గురించి

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న యోసెమిటీ నేషనల్ పార్కులోని హాఫ్ డోమ్ శిఖరానికి మీ నలుగురికీ మార్చి నెల లాటరీలో పర్మిట్ వచ్చిందని, తేదీ జులై మూడో వారంలో పడిందని, రోజూ నాలుగైదు మైళ్ళు నడిచే అలవాటున్నా పెద్ద కొండలెక్కిన అనుభవం ఎవరికీ లేదని, మీ శ్రీమతికి ఎత్తు ప్రదేశాలంటే భయమని రాశారు. శిఖరానికి ఎక్కే చివరి బండ మీద ఆసరాగా బిగించిన ఉక్కు తాళ్ళు, అంటే కేబుల్స్, ఎంత ప్రమాదకరం, నడుముకు హార్నెస్ (పడిపోకుండా తాడుతో తగిలించుకునే పట్టీ) కట్టుకోవాలా, ఎన్ని గంటలకు బయలుదేరాలి అని మూడు ప్రశ్నలు అడిగారు. మూడోదాన్ని ఏదో చిన్న వివరం కనుక్కుంటున్నట్టు చివర్లో అడిగారు కానీ, నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. తక్కిన రెండింటికీ సమాధానం చాలావరకు దానిలోనే ఉంది.

ముందుగా సూటిగా చెప్పాలంటే, మామూలు ఆరోగ్యం ఉండి, రెండు మూడు నెలలు ఓపికగా సాధన చేసిన మనిషికి హాఫ్ డోమ్ అందని శిఖరం కాదు. రాళ్ళెక్కే నైపుణ్యం లేనివారు కూడా పైకి చేరాలనే ఉద్దేశంతోనే ఆ కేబుల్స్ పెట్టారు. అవి పెట్టిన 1919 నుంచి ఇప్పటివరకు అక్కడికి వెళ్ళినవారి సంఖ్యతో పోలిస్తే వాటి మీద నుంచి పడి మరణించినవారు తక్కువే. అయితే ఆ జరిగిన ప్రమాదాలలో ఎక్కువ భాగం బండ తడిగా ఉన్నప్పుడే జరిగాయి. అందువల్ల ఆ రోజు మీరు క్షేమంగా ఎక్కి దిగగలరా అన్నది మీ చేతుల బలం కన్నా, ఉదయం ఎన్ని గంటలకు సబ్ డోమ్ (కేబుల్స్‌కు ముందు ఎక్కవలసిన చిన్న గుమ్మటం) మొదట్లో నిలబడ్డారు, అప్పుడు ఆకాశం ఎలా ఉంది అన్న రెండు సంగతుల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

దారి లెక్క ఇలా ఉంటుంది. యోసెమిటీ లోయలో హ్యాపీ ఐల్స్ అనే చోట మొదలై శిఖరం చేరి తిరిగి రావడానికి, ఎంచుకున్న దారిని బట్టి, 14 నుంచి 16 మైళ్ళు అవుతుంది. ఎక్కవలసిన ఎత్తు దాదాపు 4,800 అడుగులు. మీరు రోజూ నడిచే నాలుగైదు మైళ్ళు బహుశా చదునైన నేల మీద అయి ఉంటాయి కాబట్టి వాటిని మూడుతో గుణించి ఈ దూరాన్ని అంచనా వేయవద్దు. చాలామందికి ఈ ప్రయాణం పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది, కొత్తవారికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి నడక మొదలుపెడితే, మధ్యలో ఆగుతూ పోయినా తొమ్మిది, తొమ్మిదిన్నరకు సబ్ డోమ్ దగ్గర, పదీ పదిన్నర ప్రాంతంలో శిఖరం మీద ఉంటారు. మధ్యాహ్నం కాకముందే కేబుల్స్ దిగి, సబ్ డోమ్ కూడా దాటి చెట్ల మధ్యకు వచ్చేస్తారు. అదే ఏడింటికి బయలుదేరితే, సరిగ్గా మబ్బులు కమ్ముకునే వేళకు, సరిగ్గా రద్దీ పెరిగే వేళకు, మీరు కేబుల్స్ మధ్యలో ఉంటారు. మూడు గంటల తేడాతో అదే కొండ పూర్తిగా వేరే కొండ అవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లోయలో షటిల్ బస్సులు తిరగవు కనుక, కర్రీ విలేజ్‌కూ హ్యాపీ ఐల్స్‌కూ మధ్యనున్న పార్కింగ్‌లో కారు ఉంచి అక్కడి నుంచి దాదాపు అర మైలు నడవాలి. ఆ అర మైలును కూడా లెక్కలో వేసుకోండి.

జులై, ఆగస్టు నెలల్లో సియెరా నెవాడా కొండల్లో ఉదయం ఆకాశం నిర్మలంగా ఉండి మధ్యాహ్నానికి ఉరుములతో వాన పడటం మామూలు విషయం. దక్షిణం నుంచి వచ్చే తేమగాలి ఎండకు వేడెక్కిన కొండవాలుల మీదుగా పైకి లేచి మేఘాలుగా మారుతుంది. పదకొండు గంటల ప్రాంతంలో తెల్లటి మేఘాలు కాలీఫ్లవర్ పువ్వులాగా పైపైకి పొంగుతూ, అడుగుభాగం చదునుగా నల్లబడుతూ కనిపిస్తే, వాన మీ నెత్తిన పడేదాకా ఆగనవసరం లేదు, అదే హెచ్చరిక. ఆ మేఘం మీ మీద కాక పక్క కొండ మీద ఉన్నా సరే, కేబుల్స్ ఎక్కవద్దు. హాఫ్ డోమ్ నెత్తి పూర్తిగా బోడి బండ, చుట్టుపక్కల దానికన్నా ఎత్తైన చెట్టు గానీ దాక్కునే చోటు గానీ ఉండదు, దిగివచ్చే ఒక్కగానొక్క దారి ఉక్కు తాళ్ళ మధ్య నుంచి ఉంటుంది. 1985 జులై 27న ఇలాంటి తుఫానులోనే శిఖరం మీద ఉన్న అయిదుగురి బృందం మీద పిడుగు పడి ఇద్దరు మరణించారు, ముగ్గురు గాయపడ్డారు. 2024 జులైలో శిఖరం మీద ఉండగా వాన మొదలై, దిగివస్తూ తడిసిన బండ మీద జారిపడి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. భయపెట్టడానికి ఇవి చెప్పడం లేదు. రెండింటిలోనూ ప్రమాదం ఆకాశం నుంచే వచ్చిందని, మీరు జాగ్రత్తపడవలసింది ముఖ్యంగా దాని విషయంలోనే అని చెబుతున్నాను.

ఇక దారి. లోయ నుంచి నెవాడా జలపాతం పైభాగం దాకా రెండు దారులున్నాయి. మిస్ట్ ట్రైల్ దగ్గరి దారి, జలపాతాల పక్కనే నిటారుగా సాగుతుంది, వెర్నల్ జలపాతం దగ్గర 600కు పైగా రాతి మెట్లుంటాయి. జాన్ మ్యూర్ ట్రైల్ కొంత దూరం ఎక్కువ కానీ వాలు మెల్లగా ఉంటుంది. ఎక్కేటప్పుడు మిస్ట్ ట్రైల్, దిగేటప్పుడు జాన్ మ్యూర్ ట్రైల్ తీసుకోమని నా సలహా. 317 అడుగుల వెర్నల్ జలపాతపు తుంపరకు ఆ మెట్లు వేసవి ఆరంభంలో ఎప్పుడూ తడిగానే ఉంటాయి. మంచు ఎక్కువగా పడిన ఏడాదిలో జులైలో కూడా అలాగే ఉండవచ్చు. తాజాగా ఉన్న కాళ్ళతో తడి మెట్లు ఎక్కడం కష్టం కాదు కానీ, పది గంటలు నడిచి మోకాళ్ళు వణుకుతున్నప్పుడు అవే తడి మెట్లు దిగడం నిజంగా ప్రమాదం. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ ఎత్తు ఒకేలా ఉండదు, కొన్ని మోకాలి ఎత్తున ఉంటాయి, పైగా సాయంత్రం పైకి వచ్చే జనం ఎదురవుతూ ఉంటారు. మైలో మైలున్నరో ఎక్కువ నడిచినా సరే, దిగేటప్పుడు మోకాళ్ళను కాపాడుకోవాలి.

నెవాడా జలపాతం దాటాక లిటిల్ యోసెమిటీ వ్యాలీ వస్తుంది. అక్కడ ఒక మైలు దూరం ఇసుక నేల మీద, పైన్ చెట్ల నీడలో, దాదాపు చదునుగా నడుస్తారు. హాయిగా ఉంటుంది కనుక వేగం పెంచాలనిపిస్తుంది, పెంచవద్దు. మెర్సెడ్ నది చివరిసారిగా చేతికందేది ఇక్కడే. ఇక్కడి నుంచి శిఖరానికి మూడున్నర మైళ్ళు ఎక్కాలి, మళ్ళీ అంత దూరమూ దిగాలి, ఈ మధ్యలో నమ్మదగిన నీరు లేదు. శుద్ధి చేసిన తాగునీరు దొరికేది వెర్నల్ జలపాతం కింది వంతెన దగ్గర మాత్రమే, అది మొదలుపెట్టిన మైలు లోపే వచ్చేస్తుంది. కాబట్టి నది నీటిని వడకట్టుకునే ఫిల్టర్ ఒకటి నలుగురికీ కలిపి తెచ్చుకుని, లిటిల్ యోసెమిటీ దాటేటప్పటికి ఒక్కొక్కరి దగ్గరా కనీసం రెండున్నర లీటర్లు ఉండేలా చూసుకోండి. రోజు మొత్తానికి మనిషికి నాలుగు లీటర్లు కావాలి. మరుగుదొడ్లు కూడా లిటిల్ యోసెమిటీతో ఆఖరు.

అక్కడి నుంచి అడవిలో ఎక్కుతూ పోతే, శిఖరం ఇంకా రెండు మైళ్ళ దూరంలో ఉందనగా హాఫ్ డోమ్ దారి జాన్ మ్యూర్ ట్రైల్ నుంచి ఎడమకు చీలుతుంది. చెట్లు పలచబడి, నేల మట్టి నుంచి బండగా మారే చోట సబ్ డోమ్ మొదలవుతుంది. పర్మిట్లు చూసే రేంజర్ (పార్కు అధికారి) సాధారణంగా ఉండేది ఇక్కడే. పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో వారు గానీ, అందులో ప్రత్యామ్నాయంగా నమోదైన వ్యక్తి గానీ గుర్తింపు కార్డుతో మీ బృందంలో ఉండి తీరాలి, పర్మిట్‌ను ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. మీ నలుగురిలో వెనకబడ్డవారు వచ్చి చేరేదాకా ఇక్కడ ఆగండి. కూర్చోండి, తినండి, నీళ్ళు తాగండి, తలెత్తి ఆకాశాన్ని నాలుగు దిక్కులా చూడండి. రేంజర్ ఉంటే వాతావరణం గురించి అడగండి. వారు వెళ్ళవద్దన్నప్పుడు వాదించవద్దు.

కేబుల్స్ గురించి అందరూ మాట్లాడతారు, సబ్ డోమ్ గురించి ఎవరూ సరిగా చెప్పరు. నా మటుకు నాకు కొత్తవారి ధైర్యానికి అసలు పరీక్ష ఇదే. బండను చెక్కి, రాళ్ళు పేర్చి కట్టిన ఇరుకు మెట్లు మెలికలు తిరుగుతూ నాలుగు వందల అడుగుల ఎత్తుకు ఎక్కుతాయి. పట్టుకోవడానికి కేబుల్ గానీ, కమ్మీ గానీ ఉండదు. కొన్ని మలుపుల దగ్గర పక్కన వాలుగా జారిపోయే నున్నటి బండ తప్ప ఏమీ ఉండదు. పైకి వెళ్ళేకొద్దీ మెట్లు కూడా ఆగిపోయి, చివరి భాగం ఒట్టి బండ మీదే దారి వెతుక్కుంటూ ఎక్కాలి. ఎక్కేటప్పుడు కళ్ళు ముందున్న మెట్టు మీదే ఉంటాయి కనుక ఇది అంతగా అనిపించదు, కానీ ఇదే దారిలో దిగాలి. సబ్ డోమ్ సగంలో ఆగి ఒక్కసారి వెనక్కి తిరిగి చూడమని మీ శ్రీమతికి చెప్పండి. ఆ చూపుతో గుండె దడ వచ్చి, నాలుగైదు నిదానమైన శ్వాసలకు అది తగ్గిపోతే ముందుకు సాగవచ్చు. కాళ్ళు బిగుసుకుపోయి, కళ్ళు తిరిగి, మెట్టు పట్టుకుని కూర్చోవాలనిపిస్తే, అక్కడి నుంచి మెల్లగా దిగిపోవడమే సరైన పని.

ఆమె ఒంటరిగా దిగకూడదు. కాబట్టి ఎవరు ఎవరితో ఉంటారన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి, ఒకరు ఆగితే వారితో ఇంకొకరు ఆగుతారని, ఆ రెండోవారి పేరు కూడా ముందే అనుకోవాలి. ఆగినవారు సబ్ డోమ్ నెత్తి మీద కాక దాని కింద చెట్లు మొదలయ్యే చోట నీడలో వేచి ఉండాలి. కొండ మీద, అలసటలో, అందరూ చూస్తుండగా ఈ నిర్ణయం చేయాలంటే మొహమాటం అడ్డువస్తుంది. "ఇంత దూరం వచ్చాం కదా, ఇంకెంత, నాలుగడుగులే" అన్న మాట ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట విని కేబుల్స్ సగం దాకా వెళ్ళి అక్కడ కదలలేక నిలిచిపోయినవారిని చూశాను. కింద నుంచి ఎక్కేవారూ పై నుంచి దిగేవారూ ఆ ఒక్క మనిషి దగ్గర ఆగిపోతారు, ఆ మనిషి భయం రెట్టింపవుతుంది. ఎత్తు భయం ఉన్నవారిని బుజ్జగించి సబ్ డోమ్ దాకా తీసుకువెళ్ళవచ్చు. కేబుల్స్ మీదకు మాత్రం వారంతట వారు "వస్తాను" అంటేనే తీసుకువెళ్ళాలి.

ఇప్పుడు కేబుల్స్. సబ్ డోమ్ దాటి చిన్న పల్లం లాంటి చోటికి దిగగానే ఎదురుగా 400 అడుగుల బండ లేచి ఉంటుంది. దూరం నుంచి అది గోడలా కనిపిస్తుంది, దాని మీద మనుషులు చుక్కల్లా ఉంటారు. ఆ దృశ్యమే చాలామందిని వెనక్కి పంపుతుంది. దగ్గరికి వెళ్ళి నిలబడితే వాలు సగటున 45 డిగ్రీల ప్రాంతంలో ఉందని, మధ్యలో కొంత భాగం మాత్రమే ఇంకా నిటారుగా ఉందని తెలుస్తుంది. రెండు ఉక్కు కేబుల్స్ మనిషికి రెండు వైపులా, సుమారు నడుము ఎత్తులో, లోహపు కడ్డీల మీద ఆనుకుని పైదాకా సాగుతాయి. కడ్డీల జతలు దాదాపు పదేసి అడుగుల దూరంలో ఉంటాయి, ప్రతి జత మొదట్లో బండ మీద అడ్డంగా ఒక చెక్క పలక ఉంటుంది. ఆ పలక నుంచి పై పలకకు చేరడం, అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ పై పలకకు వెళ్ళడం, అంతే మొత్తం పని. పైన ఎంత మిగిలిందో చూడకుండా తర్వాతి పలకను మాత్రమే చూడమని చెబితే చాలామందికి ధైర్యం వస్తుంది.

కొత్తవారు చేసే పొరపాటు చేతులతో తమను తాము పైకి లాక్కోవడం. అలా చేస్తే సగం దారిలోనే ముంజేతులు పట్టేస్తాయి. శరీరాన్ని బండ మీదకు వాల్చకుండా నిటారుగా నిలబడి, బరువంతా పాదాల మీద వేసి, బూటు అడుగుభాగం మొత్తం రాతికి ఆనేలా మెల్లగా అడుగు వేయాలి. అప్పుడే రబ్బరు రాతిని పట్టుకుంటుంది, చేతులు ఆసరాకే మిగులుతాయి. పొట్టిగా ఉన్నవారికి రెండు కేబుల్స్ ఒకేసారి సుఖంగా అందకపోవచ్చు. అప్పుడు ఒక వైపు కేబుల్‌నే రెండు చేతులతో పట్టుకుని ఎక్కడం మేలు. కడ్డీలు బండలో తొలిచిన రంధ్రాలలో నిలబెట్టినవి మాత్రమే, ఒక్కోసారి ఊడి పైకి వస్తాయి, కాబట్టి భారం కేబుల్ మీద వేయాలి తప్ప కడ్డీ మీద కాదు. ఒకటి రెండు చోట్ల రాతి పొర అంచు మెట్టులా లేచి ఉంటుంది, అక్కడ మోకాలు పైకెత్తి పెద్ద అడుగు వేయవలసి వస్తుంది. దాని కింద ఉన్న పలక మీద కాసేపు ఆగి, ఊపిరి సర్దుకున్నాకే ఆ అడుగు వేయండి.

ఎక్కేవారికీ దిగేవారికీ దారి ఒకటే. ఎదురుపడినప్పుడు పలక దగ్గర ఒకరు ఆగి ఇంకొకరికి చోటివ్వాలి, మాట్లాడుకుని కదలాలి. ఎవరో ఆలస్యం చేస్తున్నారని కేబుల్స్ దాటి బయటి వైపు నుంచి ఎక్కేవారు మీకు కనిపించవచ్చు, వారిని అనుసరించవద్దు. పదిన్నర, పదకొండు దాటాక రద్దీలో పైకి చేరడానికే గంట పట్టవచ్చు, తొందరగా వస్తే పావుగంట, ఇరవై నిమిషాలలో అయిపోతుంది. నీళ్ళ సీసాలు, ఫోను, కెమెరా వంటివేవీ పైజేబుల్లో గానీ సంచి పక్కజేబుల్లో గానీ ఉంచవద్దు. అక్కడ చేయి జారిన సీసా కిందివారి ముఖం మీదకు వెళుతుంది.

ఆ రాయి ఎందుకంత నున్నగా ఉంటుందో తెలిస్తే తడి బండ గురించి నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. 1860లలో కాలిఫోర్నియా భూగర్భ సర్వే అధిపతి జోసయా విట్నీ ఈ శిఖరం మనిషి చేరలేనిదని, బహుశా ఎప్పటికీ మనిషి అడుగు పడదని రాశాడు. కానీ 1875 అక్టోబరులో జార్జ్ ఆండర్సన్ అనే అతడు బండకు రంధ్రాలు తొలిచి ఇనుప బోల్టులు దిగగొట్టి, ఒక బోల్టు మీద నిలబడి పై బోల్టుకు రంధ్రం చేస్తూ పైకి చేరాడు. ఆ తర్వాత సియెరా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ 1919లో కేబుల్స్ ఏర్పాటు చేసింది. అప్పటి నుంచి వంద ఏళ్ళకు పైగా ప్రతి వేసవిలో జనం అదే సన్నటి పట్టీ మీద అడుగులు వేస్తూనే ఉన్నారు. కేబుల్స్‌కు రెండు గజాల అవతల గ్రానైట్ గరుకుగా గింజలు గింజలుగా ఉంటే, కేబుల్స్ మధ్యన అరిగి మెరుస్తూ ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడే అక్కడ అరిగిన బూట్లు జారతాయి, నాలుగు చినుకులు పడితే మంచి బూట్లు కూడా జారతాయి. కాబట్టి బూట్ల అడుగున రబ్బరు కొత్తగా, మెత్తగా ఉండాలి, అలాగని కొత్త బూట్లు ఆ రోజే తొడిగితే పాదాలు బొబ్బలెక్కుతాయి. నెల ముందు కొని అలవాటు చేసుకోండి. అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న పని గ్లవ్స్ చాలు. కేబుల్స్ కింద ఇతరులు వదిలేసిన గ్లవ్స్ ఉంటాయని నమ్మి రావద్దు, మీవి అక్కడ వదిలి వెళ్ళవద్దు. అది పార్కులో చెత్త వేయడమే అవుతుంది.

హార్నెస్ సంగతి. తప్పనిసరి కాదు, చాలామంది లేకుండానే ఎక్కుతారు. వాడితే మేలే, కానీ సరిగా వాడితేనే. నడుముకు ఒక పట్టీ కట్టుకుని, దానికొక మామూలు తాడు, ఒక కొక్కెం తగిలించుకుంటే రక్షణ వచ్చినట్టే అనుకుంటారు. కేబుల్‌కు తగిలించిన కొక్కెం మీరు జారితే కింది కడ్డీ దాకా జారుతూ వెళ్ళి అక్కడ ఒక్కసారిగా ఆగుతుంది. సాగే గుణం లేని తాడు ఆ కుదుపును మీ శరీరానికీ కొక్కేనికీ యథాతథంగా అందిస్తుంది. తాళ్ళు తెగేదీ వెన్ను దెబ్బతినేదీ ఇలాంటి కుదుపుతోనే. కుదుపును పీల్చుకునే పరికరం, రెండు కొక్కేలు ఉన్న వయా ఫెరాటా కిట్ (ఉక్కు తాళ్ళు బిగించిన కొండదారుల కోసం చేసిన సరంజామా) అయితేనే ప్రయోజనం. ప్రతి కడ్డీ దగ్గర ఒక కొక్కెం తీసి అవతల తగిలించి, ఆ తర్వాతే రెండోది తీయాలి. ఇది అలవాటు లేకపోతే ప్రతి పలక దగ్గరా తడబడి, వెనకవారిని ఆపి, మీరూ కంగారుపడతారు. మీ శ్రీమతికి దానివల్ల మనోధైర్యం వస్తుందనుకుంటే తప్పకుండా తెచ్చుకోండి, కానీ ముందుగా ఏదైనా క్లైంబింగ్ జిమ్‌లో తెలిసినవారి దగ్గర కొక్కేలు మార్చడం నేర్చుకుని, గ్లవ్స్ తొడిగిన చేతులతో చూడకుండా మార్చగలిగేదాకా సాధన చేయించండి. ఇంకొక మాట: హార్నెస్ ఉందన్న ధైర్యంతో మబ్బు పట్టినప్పుడు ఎక్కడం, హార్నెస్ లేకుండా ఎండలో ఎక్కడం కన్నా ప్రమాదకరం.

శిఖరం మీద చోటు మీరు ఊహించినదానికన్నా చాలా విశాలంగా, కొంచెం ఉబ్బెత్తుగా, అక్కడక్కడ పలకలుగా విరిగిన బండలతో ఉంటుంది. పైన పేరుకుని ఉన్న భారమంతా యుగాల తరబడి కోసుకుపోగా, లోపలి గ్రానైట్ బిగువు సడలి వ్యాకోచించి, వంపు తిరిగిన పొరలుగా ఊడుతూ వచ్చింది. గుమ్మటం ఆకారం అలా ఏర్పడింది. మంచుయుగాలలో హిమానీనదాలు కింది లోయను నింపినా ఈ శిఖరాన్ని మాత్రం కప్పలేదు. వాయవ్యపు ముఖం దాదాపు 2,000 అడుగులు నిటారుగా తెగి ఉంటుంది, 1957లో రాయల్ రాబిన్స్, జెర్రీ గాల్వాస్, మైక్ షెరిక్ అయిదు రోజులు శ్రమించి మొదటిసారి ఎక్కింది ఆ ముఖమే. దాని అంచున ముందుకు పొడుచుకు వచ్చిన రాతి నాలుక మీద ఫొటో కోసం జనం బారులు తీరతారు. ఎత్తు భయం ఉన్నవారు అంచుకు ఇరవై అడుగుల ఇవతల కూర్చున్నా టెనాయా లోయా, క్లౌడ్స్ రెస్ట్ శిఖరమూ అంతే బాగా కనిపిస్తాయి. ఆహారాన్ని సంచిలో మూసి ఉంచండి, ఉడుతలు, మార్మట్లు (ఉడుత జాతి పెద్ద జంతువులు) సంచుల జిప్పులు కొరికేస్తాయి. వాటికి ఏమీ పెట్టవద్దు. ఆ పగుళ్ళలో మౌంట్ లయెల్ సాలమాండర్ అనే చిన్న జీవి కూడా నివసిస్తుంది, రాళ్ళను కదిలించి పేర్చవద్దని చెప్పడానికి అదొక్కటి చాలు. రాత్రి బస మీద నిషేధం ఉంది. పదకొండున్నర కల్లా, ఆకాశం ఎంత బాగున్నా, దిగడం మొదలుపెట్టండి. మబ్బు కనిపిస్తే అప్పటికప్పుడే.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. కేబుల్స్ దిగేటప్పుడు నిచ్చెన దిగినట్టు బండ వైపు ముఖం పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ, కింది పలక కాలికి తగిలేదాకా కేబుల్‌ను చేతుల్లో కొద్దికొద్దిగా వదులుతూ రండి. ఇలా దిగితే కిందికి చూడవలసిన అవసరం తక్కువ, భయమూ తక్కువ. మీ నలుగురిలో ఎక్కువ ధైర్యంగా ఉన్నవారు భయపడేవారికి ఒక పలక కింద ఉండి, పాదం ఎక్కడ పెట్టాలో మాటతో చెబుతూ దిగడం మంచిది. సబ్ డోమ్ మెట్లు మాత్రం ముందుకు చూస్తూనే దిగాలి. అవసరమైన చోట కూర్చుని జరగడానికి ఎవరూ సంకోచించనవసరం లేదు. ఎంత తొందరగా తిరిగి వస్తామనుకున్నా ప్రతి ఒక్కరి దగ్గరా హెడ్‌ల్యాంప్ ఉండాలి, ఫోన్ లైటు దానికి బదులు కాదు. వేకువన ఎలాగూ కావాలి, సాయంత్రం ఎవరికైనా చీలమండ బెణికితే మరీ కావాలి.

సాధన విషయానికి వస్తే, మీకున్న సమయంలో చదును నడకను తగ్గించి మెట్లు, కొండవాలులు పెంచండి. ముఖ్యంగా దిగే సాధన చేయండి. తొడ కండరాలకు దిగే అలవాటు లేకపోవడం వల్లే చివరి నాలుగు మైళ్ళలో ఎక్కువమంది కుంటుతారు. జూన్ నెలాఖరుకు నలుగురూ కలిసి ఒకే రోజున కనీసం 10 మైళ్ళు, 3,000 అడుగుల ఎత్తు ఎక్కి దిగి, మర్నాడు మామూలుగా నడవగలిగితే మీరు సిద్ధమైనట్టే. వీలైతే ముందొకసారి యోసెమిటీకే వచ్చి నెవాడా జలపాతం దాకా వెళ్ళి రండి. అది రానుపోను 5.4 మైళ్ళు, 2,000 అడుగులు. ఆ రోజు మీకు పట్టిన సమయమే అసలు రోజున ఎన్నింటికి బయలుదేరాలో చెబుతుంది. నెవాడా పైకి చేరడానికి మూడు గంటలు దాటితే, నాలుగింటికి కాక మూడింటికి బయలుదేరండి.

మీ శ్రీమతి చివరకు కేబుల్స్ వద్దనుకుంటే, ఆ పర్యటనలోనే ఇంకొక రోజు క్లౌడ్స్ రెస్ట్‌కు వెళ్ళమని నా సూచన. దాని ఎత్తు 9,900 అడుగులు దాటుతుంది, హాఫ్ డోమ్‌ను పై నుంచి చూడవచ్చు, పగటిపూట వెళ్ళి రావడానికి పర్మిట్ అవసరం లేదు. చివర కొంత దూరం ఇరుకైన రాతి గట్టు మీద నడవాలి కనుక అక్కడ కూడా ఆమె భయం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే.

ఇక వాతావరణం వల్ల మీ తేదీన వెనుదిరగవలసి వస్తే ఆ సీజన్ అయిపోయినట్టు కాదు. కేబుల్స్ నిలబెట్టి ఉన్నన్నాళ్ళూ, అంటే సాధారణంగా మే నెల చివరి నుంచి అక్టోబరు రెండో వారం దాకా, రోజువారీ లాటరీ కూడా నడుస్తుంది. వెళ్ళదలచిన రోజుకు రెండు రోజుల ముందు దరఖాస్తు చేస్తే అదే రాత్రి ఫలితం తెలుస్తుంది. వారం మధ్యలో, అందులోనూ సెప్టెంబరులో, పోటీ తక్కువగా ఉంటుంది, మధ్యాహ్నపు ఉరుముల వానలు కూడా జులై కన్నా తగ్గుతాయి. అయితే పగలు కురచవుతుంది, నదిలో నీరు సన్నబడుతుంది. కాబట్టి అప్పుడు కూడా తెల్లవారుజామునే బయలుదేరండి, నీళ్ళు ఇంకొక లీటరు అదనంగా మోయండి.